పంతొమ్మిది ఒకట్లు

వన్‌టౌన్, విశాఖపట్నం
21-7-1985

పారాదీపులో ఉన్న శ్రీవారికి తాయారు రాయునది. ఇక్కడ నేనూ గౌరీశ్వరీ కులాసా. మీరు కూడా కులాసాగానే ఉండి ఉంటారు. ఒంట్లో బాగాలేకపోతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాసే మనిషి మీరు, ఈసారి నాలుగు పేజీలు వెతికినా కనపడలేదు.

మీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను. పెరటివైపు పెంకులు వానలకి ముందే మార్పించాను, వంటింట్లో ఇప్పుడు కారడం లేదు. పోర్టు ఎర్రదుమ్ము ఎప్పటిలాగే ఆరేసిన బట్టల మీద పడుతోంది. అది మీరున్నప్పుడూ పడేది, దానికి నన్ను తిట్టక్కర్లేదు. మోకాళ్ళకి నూనె పంపమన్నారు, సీసా పార్సెల్లో పగిలిపోతుంది, అక్కడే కొనుక్కోండి.

నోటుబుక్కులు డెబ్భై ఒకటీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చెద పట్టలేదు. మీరు చెప్పినట్టే నెలకోసారి ఎండలో పెడుతున్నాను. మొన్న అరుగు మీద పరిచి ఉంటే పక్కింటి సన్యాసమ్మ వచ్చి, "ఏటమ్మా ఇయన్నీ? రామకోటేటి?" అని అడిగింది. "అలాంటిదే" అన్నాను. పాపం, ఒక పుస్తకానికి దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఇక గౌరి సంగతి. మీరు రాసిన ముక్క మీకే చదివి వినిపిస్తాను, ఎందుకంటే రాసేటప్పుడు మీకు చెవులు ఉండవు. "ఆడపిల్లకి బీయస్సీ ఎందుకు? మా ఆఫీసు శ్రీరామ్మూర్తి సెలవు మీద విశాఖ వస్తున్నాడు, నెలాఖర్న తిరిగొచ్చేటప్పుడు అతని వెంట పంపెయ్యి. కోటి లోపల ఇంకా ఎనభై రెండు వేలు చూడాలి. నేనొక్కణ్ణే అయితే అయిదేళ్ళు, అది తోడుంటే రెండున్నరేళ్ళు. పెళ్ళి సంగతి తరవాత చూద్దాం."

పంపను. గౌరి అక్కడికి రాదు. ఈ ఉత్తరం అంతా ఎందుకు రాదో చెప్పడానికే, కాబట్టి నింపాదిగా కూర్చుని చదవండి. ఒక్క వరస కూడా దాటెయ్యని అలవాటు మీది, అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

మొదటి కారణం మీకు చెప్పనక్కర్లేదు గానీ చెబుతాను. దానికి పదిహేనేళ్ళప్పుడు, మీరు ఇంకా పారాదీపు వెళ్ళకముందు, దసరా సెలవుల్లో దాని చేత భాగహారాలు చేయించారు. ఒకచోట శేషం తప్పు వచ్చిందని రూళ్ళకర్రతో వేళ్ళ మీద కొట్టారు. కుడిచేతి మధ్యవేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. అది జడ వేసుకుంటుంటే ఇన్నాళ్ళూ చూస్తూ వచ్చాను. అలాంటి మీ దగ్గరికి, తెలియని ఊళ్ళో, ఒంటిగదిలోకి, రెండున్నరేళ్ళకి పంపమంటున్నారు. మీకు సిగ్గు లేకపోయినా నాకు భయం ఉంది.

మన పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. అందులో మొదటి నాలుగేళ్ళ గురించి ఏమీ రాయను. మీకు గుర్తుండవు, నాకు మరపు రావు. డెబ్భైలో ఒకరోజు మీరు ఓడ దగ్గర బస్తాకొక గీత గీస్తూ టాలీ రాస్తుంటే వాన వచ్చిందట. అయిదేసి గీతలకి అడ్డంగా కొట్టిన గీతలన్నీ చెరిగిపోయి, పదిహేడు నిలువు గీతలు మాత్రం పక్కపక్కనే మిగిలాయట. అది ఒకే సంఖ్యలా కనపడిందని, దేంతో భాగిస్తే పోతుందోనని ఇంటికి వచ్చి చెప్పారు. అంతే, ఆ సాయంత్రం నుంచి మన ఇంట్లో ఒకట్లు కాపరం పెట్టాయి.

మూడు ఒకట్లు, అంటే నూట పదకొండు, మూడుతో పోతాయి. నాలుగు ఒకట్లు పదకొండుతో పోతాయి. అయిదు ఒకట్లకి నలభై ఒకటి, ఏడు ఒకట్లకి రెండువందల ముప్పై తొమ్మిది. పదమూడు ఒకట్లు చాలా గట్టివనుకుంటే యాభై మూడుకే విరిగాయి. రెండు ఒకట్లు, అంటే పదకొండు, అది మాత్రం దేనితోనూ పోదు. "చూశావా తాయారూ, ఆలుమగల్లాగా! ఎవడూ విడదియ్యలేడు" అన్నారు మీరు, మురిసిపోతూ. అప్పటికి నా పై పెదవి వాచి ఉంది. అయినా అవునండీ అన్నాను.

పదిహేడు ఒకట్లకి మీకు మూడేళ్ళ తొమ్మిది నెలలు పట్టింది. ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడువందల ఇరవై మూడు. నా పుట్టినరోజు నాకు తెలియదు గానీ ఆ సంఖ్య నిద్రలో లేపి అడిగినా చెబుతాను. యూనియన్ పత్రికలో మీ ఫొటో వేశారు. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు. పైగా ఆ మూడేళ్ళ తొమ్మిది నెలలూ మీరు నా మీద చెయ్యెత్తలేదు. డ్యూటీకి ముందు రెండు గంటలు, వచ్చాక రెండు గంటలు బల్ల ముందు కూర్చుంటే ఇంట్లో మగమనిషి ఉన్నట్టే తెలిసేది కాదు. తొమ్మిదులు తీసేసి లెక్క సరిచూసే పని నాకు అప్పగించారు, అయిదో క్లాసు చదువుతోనే అది నేర్చుకున్నాను. తప్పు చూస్తే మొట్టికాయ. మొట్టికాయని నేను దెబ్బల్లో జమ కట్టలేదు.

అది విరిగిపోయాక రెండు నెలలు మీ చేతులకి ఏం తోచలేదు. ఆ జనవరి, ఫిబ్రవరి ఎలా గడిచాయో గౌరికి కూడా గుర్తుంది, దానికి అప్పటికి ఏడేళ్ళు. మార్చిలో పంతొమ్మిది ఒకట్లు పట్టుకున్నారు. ఇల్లు మళ్ళీ చల్లబడింది. మూడు నుంచి పద్దెనిమిది దాకా అన్నీ విరిగాయి కాబట్టి పంతొమ్మిది కూడా విరిగి తీరాలన్నారు. దాన్ని విరిచేది ఏదైనా ముప్పై ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగిలేదే అయి ఉండాలని ఎవరో మేష్టారు మీకు చెప్పారు. అలాంటివాటిని వరసగా పట్టి, రోజుకి నలభై అయిదు చొప్పున చూసుకుంటూ పోయారు. ఇదంతా మీకు తెలిసిన కథే, నా వైపు నుంచి ఎప్పుడూ వినలేదు కాబట్టి రాశాను.

ఇప్పుడు రెండో కారణం. ఈ వేసవిలో నోటుబుక్కులు ఎండలో పెడుతూ గౌరి ఒకటి తెరిచి చూసింది. మనమ్మాయి మాట పూర్తిగా ఇక్కడి మాటే, మీరెంత తిట్టినా మన కాకినాడ వైపు మాట దానికి రాలేదు.

"అమ్మా, నాన్న ఇన్నాళ్ళూ ఒక్కోటీ పట్టి భాగిస్తన్నారేటి? అలాగ అడిగితే అది ఎప్పుడు సెప్తాది? దాని పక్కదాన్ని అడగాల."

"పక్కది ఏమిటే?"

"ఒకటి తక్కువది. పద్దెనిమిది ఒకట్లూ, సివర సున్నా. అది సూడు, సిన్న సిన్న ముక్కలైపోద్ది."

నిజంగానే ముక్కలయింది. అందులో పెద్దవి రెండు: యాభై రెండు వేల అయిదువందల డెబ్భై తొమ్మిది, మూడు లక్షల ముప్పై మూడు వేల ఆరువందల అరవై ఏడు. ఒక చిన్న అంకె తీసుకుని దాన్ని దానితోనే పదేపదే హెచ్చవేసుకుంటూ పోయి, పంతొమ్మిది ఒకట్లతో భాగిస్తే ఏం మిగులుతుందో చూడాలట. ఆ రెండు ముక్కల దగ్గరా లెక్క ఒక తీరుగా తేలితే అసలు సంఖ్య విరగదని రుజువట. ఒక్క భాజకాన్ని కూడా పట్టి చూడక్కర్లేదు. మధ్యలో భాగహారాలు కూడా లేవు. పంతొమ్మిది అంకెలు దాటిన భాగాన్ని కత్తిరించి తెచ్చి కిందివాటికి కలిపేసుకుంటూ పోవడమే. ఇది వాళ్ళ కాలేజీ పుస్తకంలో పద్ధతి, పనంతా దానిది. నలభై రోజులు, నాలుగు నోటుబుక్కులు. తొమ్మిదులు తీసేసి సరిచూసింది నేనే. ఆరుచోట్ల తప్పు పట్టాను, అది "అబ్బ, మాయమ్మే" అని నా బుగ్గ గిల్లింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కూర్చుని పూర్తి చేసింది. "ఇరగదమ్మా. ప్రధాన సంఖ్య. తనతో, ఒకటితో తప్ప దేనితోనూ పోదు. నాన్నకి రాసీనా?" అంది. దాని మొహం వెలిగిపోతోంది. మీరు సంతోషిస్తారనుకుంది, పిచ్చిపిల్ల. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఒకటిని ఆ సంఖ్యతో భాగిస్తే దశాంశం తరవాత పద్దెనిమిది సున్నాలు, ఒక తొమ్మిది, మళ్ళీ పద్దెనిమిది సున్నాలు, ఒక తొమ్మిది, అలా ఎప్పటికీ అదేనట. నాకు నవ్వు ఆగలేదు. "ఏటమ్మా అంత నవ్వుతన్నావు?" అంటే చెప్పలేదు. నా కాపరం గుర్తొచ్చింది. నాన్నకి నేనే రాస్తానులే అన్నాను.

ఈపాటికి మీరు లేచి గోడ దగ్గరికి వెళ్ళి ఉంటారు. అక్కడ అద్దం కట్టించి పెట్టుకున్న కార్డు ఉంది కదా, కలకత్తా ప్రొఫెసరు మీకు రాసింది. "పంతొమ్మిది ఒకట్లకి భాజకం ఉందని మేము నమ్ముతున్నాము, అది కోటి లోపలే ఉంటుంది, తమవంటివారు విడిచిపెట్టరాదు." దానికి మీరు రోజూ అగరొత్తులు వెలిగిస్తారని ఊరొచ్చినప్పుడు శ్రీరామ్మూర్తి గారి భార్య చెప్పింది. అంత పెద్దాయన రాస్తే ఈ పిల్ల ఎవత్తి అనుకుంటున్నారు కదా. అనుకోండి. కొంచెం సేపే.

గౌరి విరగదని చెప్పినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి నాకు పదకొండేళ్ళుగా తెలుసు.

డెబ్భై నాలుగు ఆగస్టులో పెదవాల్తేరులో చలమయ్య మేష్టారి ఇంటికి అప్పడాలు ఒత్తడానికి వెళ్ళేదాన్ని. యూనివర్సిటీలో లెక్కలు చెప్పే ఆయన. ఒకరోజు ధైర్యం చేసి మీ లెక్క గురించి అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, అది విరగదు. యాభై ఏళ్ళ కిందటే దొరలు తేల్చేశారు. అయినా పదిహేడు ఒకట్లు చేత్తో విరిచాడా మీ ఆయన? ఒకసారి నా దగ్గరికి పంపు. చేతికి సరిపడే మంచి లెక్క ఇస్తాను, ఎవరూ తేల్చనిది" అన్నారు. చీటీ మీద రాసి కూడా ఇచ్చారు.

బస్సులో వస్తున్నంతసేపూ మీకు చెప్పాలనే ఉంది. ఇంటికి వచ్చేసరికి మీరు బల్ల ముందు ఉన్నారు. గౌరి మీ కాళ్ళ దగ్గర పలక మీద బొమ్మలు గీసుకుంటోంది, మీరు దాన్ని విసుక్కోవడం లేదు. నేను గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. చెబితే ఆ సాయంత్రంతో లెక్క అయిపోతుంది, మర్నాటి నుంచి మీ చేతులు ఖాళీ. కొత్త లెక్క మీకు నచ్చుతుందో లేదో, నచ్చినా ఎన్నాళ్ళు వస్తుందో. విరగని లెక్క అయితే ఎప్పటికీ అయిపోదు. లోపలికి వెళ్ళి చీటీ పొయ్యిలో పెట్టి అన్నం వండాను. ఆ మంచి లెక్క ఏమిటో నేను మళ్ళీ అడగలేదు. మేష్టారు పోయి ఆరేళ్ళయింది.

డెబ్భై తొమ్మిది ఏప్రిల్లో మీరు విసిగిపోయారు. ఎనభై వేల భాజకాలు పట్టి చూశాను, ఇక నా వల్ల కాదు అని నోటుబుక్కులన్నీ తాడుతో కట్టేసి అటక మీద పడేశారు. అవి అటక మీదున్న మూడు నెలల్లో నా ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. పిండికట్టుతో బయటికి వెళితే సన్యాసమ్మ ఆపింది.

"ఏటమ్మా, ఆ సెయ్యేటి?"

"కొళాయి దగ్గర జారాను."

"ఆ కొళాయికే నానూ ఎల్తన్నాను గదమ్మా. నాకేటీ అవ్వనేదు."

ఆ మర్నాడే కలెక్టరాఫీసు ముందర అర్జీలు టైపు కొట్టే అప్పలసూరి దగ్గరికి వెళ్ళాను.

"ఎవలికమ్మా ఉత్తరం?"

"మా ఆయనకి. కలకత్తా నుంచి ప్రొఫెసరు రాసినట్టు ఉండాలి. ఇంగ్లీషులో."

"ఏటని కొట్టమంటావు?"

చెప్పాను. కొట్టడం సగంలో ఆపి, "ఇది నిజవేనా?" అన్నాడు. "నీకెందుకు, కొట్టు" అన్నాను. ప్రొఫెసరు పేరు వాడే పెట్టాడు, పెద్ద పేరు. మా గంగరాజు అన్నయ్య అప్పుడు హౌరా మెయిల్లో గార్డు కదా, తీసుకెళ్ళి హౌరా స్టేషన్లో డబ్బాలో వేశాడు. ముద్ర కూడా అక్కడిదే పడింది. యూనియన్ పత్రికలో మీ గురించి చదివాడని రాయిస్తే మీకు అనుమానమే రాలేదు. కలకత్తా ప్రొఫెసరుకి తెలుగు యూనియన్ పత్రిక ఎలా అందిందని ఒక్కసారైనా అనుకోవలసింది.

కోటి అని ఎందుకు రాయించానో తెలుసా? లక్ష అంటే, మీరు పట్టి చూస్తున్న భాజకాలు అప్పటికే ముప్పై లక్షలు దాటిపోయాయి. అంతు లేదంటే మళ్ళీ మొదలే పెట్టరు. కోటి అయితే మీ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వస్తుంది, ఈలోగా పిల్ల పెద్దదవుతుంది అని లెక్క కట్టాను. తోడుకి గౌరిని పిలుస్తారని మాత్రం నా బుర్రకి తట్టలేదు. నేను తవ్విన గోతిలో నా కూతుర్ని దింపమంటున్నారు. లేకపోతే ఈ సంగతి నాతోనే కాటికి వచ్చేది.

కార్డు అందిన రోజు మీరు నా పిండికట్టు చెయ్యి పట్టుకుని ఏడ్చారు. పంతొమ్మిదేళ్ళలో ఆ చెయ్యి మీరు ప్రేమగా పట్టుకున్నది అదొక్కసారే. నాకు జాలి వేసింది. నిజంగానే వేసింది, నోటి దాకా కూడా వచ్చింది. అయినా చెప్పలేదు. సాయంత్రం మీరే అటకెక్కి నోటుబుక్కులు దింపి తాడు విప్పారు.

ఆ తరవాత నాకు జాలి కూడా పోయింది. ఎనభై ఒకటిలో కంటి డాక్టరు ఆరు నెలలు చదువూ రాతా మానమన్నాడు. మీరూ మానతానన్నారు. మర్నాడే భూతద్దం కొని తెచ్చి మీ బల్ల మీద పెట్టింది నేను. ఎంత పతిభక్తి అని వీధంతా మెచ్చుకున్నారు. మీరు కళ్ళు నలుపుకుంటూ, వేళ్ళు విరుచుకుంటూ, లేని దాని కోసం వెతుకుతుంటే నేను పక్కన కూర్చుని చిక్కుళ్ళు తుంచేదాన్ని. నాకు హాయిగా ఉండేది. నేను మంచిదాన్నని ఈ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, చూసుకోండి. మీ ఎడమ కన్ను ఇప్పుడెలా ఉందో మీరు రాయలేదు, నేనూ అడగడం లేదు.

అబద్ధమంటారేమో. దీనితో టైపు కాగితం ఒకటి జత చేస్తున్నాను. అదే అప్పలసూరి, అదే మిషను. ఆర్ అక్షరం ప్రతిచోటా వరస తప్పి పైకి ఎగిరి ఉంటుంది. కార్డుని అద్దంలోంచి తీసి పక్కన పెట్టుకుని చూడండి. ఆ కాగితం గౌరి హాస్టలు సీటుకి పెట్టిన దరఖాస్తు నకలు. తండ్రి లేక సంరక్షకుడు అన్నచోట సంతకం నాది. సీటు వచ్చింది, మొన్న పదిహేనో తారీకునే చేరిపోయింది. శ్రీరామ్మూర్తి గారు వస్తే కాఫీ ఇచ్చి పంపిస్తాను. మీరే కోపంతో రైలెక్కుతారేమో, గంగరాజు అన్నయ్య రిటైరై ఇప్పుడు ఈ ఇంట్లోనే ఉంటున్నాడు. గుమ్మంలో అతనే కనపడతాడు.

గౌరికి కార్డు సంగతి తెలియదు. మీకు చెప్పాలనిపిస్తే చెప్పండి. అప్పుడు ఎందుకు రాయించానో కూడా మీరే చెప్పవలసి వస్తుంది.

దాని నాలుగు నోటుబుక్కులూ పంపడం లేదు, అవి దానివి. పద్ధతి పైన రాశాను, మీరు చేసుకున్నా నలభై రోజుల పనే. అది వద్దు, నా దారిలోనే వెళతానంటే ఆ లెక్క కూడా గౌరి చేత కట్టించాను. కోటి దగ్గర ఆగితే చాలదట, నూట అయిదు కోట్లు దాటేదాకా చూడాలట. అంటే మీరు ఇంకా చూడవలసినవి రెండు కోట్ల డెబ్భై అయిదు లక్షల పైచిలుకు. రోజుకి నలభై అయిదు చొప్పున పదహారువందల డెబ్భై ఏడేళ్ళు. తోడుంటే సగం కాలమని రాశారు, నిజమే, తోడుంటే ఎనిమిదివందల ముప్పై ఎనిమిదేళ్ళు.

నమ్మితే ఈ రోజుతో మీ చేతులకి పని ఉండదు, ఆ గదిలో కొట్టడానికి గోడలు తప్ప ఎవరూ లేరు. నమ్మకపోతే పెన్సిలు చెక్కుకుని కూర్చోండి. మీరు నమ్మకూడదనే నా కోరిక.

ఇట్లు,
గౌరీశ్వరి తల్లి
తాయారు